సవారీ ఎవరిది?

‘గుర్రాలెక్కి వచ్చినోళ్ళు’ అని మమ్మల్ని ఎత్తిపొడిచేవాళ్ళతో ఒక్క మాట గురించి మాట్లాడాలి. ఆ మాట సవారీ.

పాత పారశీకంలో ‘అసబార’ అంటే గుర్రం మోసుకుపోయేవాడు. అదే ఫారసీలో ‘సవార్’ అయింది. అక్బర్ కొలువులో మన్సబ్‌దారుకు రెండంకెలుండేవి. ‘జాత్’ అతని హోదా, జీతం. ‘సవార్’ అతను పోషించాల్సిన ఆశ్వికుల లెక్క. చరిత్ర పాఠాలు ఆ అంకెల దగ్గరే ఆగిపోతాయి. సవారు వెనక గుర్రాన్ని తోమే సాయీసు, గడ్డి కోసుకొచ్చే ఘసియారా, లాడాలు కొట్టే నాల్‌బంద్ ఉన్నారు. వాళ్ళు ఏ అంకెలోనూ లేరు. మాలో ఎక్కువమంది ఎవరి బిడ్డలమో ఎవరూ అడగలేదు.

దక్కన్‌లో ఈ మాట గుర్రం దిగింది. తెలంగాణ పల్లెల్లో ఎడ్లు కట్టిన సవారి కచ్చురమైంది. ఉర్దూ ఇళ్ళల్లో, పరదా కట్టిన బండి దిగే ఆడవాళ్ళు ‘సవారియాఁ’ అయ్యారు. మొహర్రంలో పీర్లు లేస్తే అదీ సవారీయే. పదో రోజున హైదరాబాద్‌లో బీబీకా ఆలం ఏనుగు మీద దబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్‌కు కదుల్తుంది. ఊళ్ళల్లో పీరునెత్తుకునేది చాలాచోట్ల హిందువుల బిడ్డే. పీరు ఒంటిమీదికొస్తే ‘సవారీ వచ్చింది’ అంటారు. అక్కడ మనిషే గుర్రం. మోసేవాడి మతం పీరు అడగదు.

ఇక పాతబస్తీలో ఆటో నడిపే మా భాయిని అడగండి. ‘సుబే సే ఏక్ భీ సవారీ నై మిలీ’ అంటాడు. పొద్దుట్నుంచీ ఒక్క గిరాకీ లేదని. ఒకప్పుడు గుర్రమ్మీదున్నవాడి మాట ఇప్పుడు వెనక సీట్లో కూర్చున్నవాడిదైంది. మేం ముందు సీట్లో ఉన్నాం. అంతకుముందు రిక్షా తొక్కాం. నెలజీతాల కొలువుల్లో ముస్లింలు తక్కువనీ, సొంతంగా చేసుకునే చిన్నాచితకా పనుల్లోనే ఎక్కువనీ 2006లో సచార్ కమిటీ లెక్కలతో సహా చెప్పింది. ఇదీ మా నవాబీ!

నాలుగు మెతుకుల కోసం సవారీని వెతుక్కునేవాడి నెత్తిన, ఎప్పటివో సుల్తానుల గుర్రాలనెక్కించి సవారీ చేస్తున్నారు. ఒక్క మాటకే ఇన్ని అర్థాలుంటే, ఇంతమంది మనుషులం, మాకు మాత్రం ఒక్క అర్థమే ఎందుకు అంటగడతారు?