వెతికితే 354 మంది!

"మాకెవరి మీదా వివక్ష లేదండీ. అర్హులు దొరకట్లేదు, అంతే!"

యూనివర్సిటీల్లో పోస్ట్‌డాక్ పరిశోధకుల్లో ఆడవాళ్ళు, దళితులు, పల్లెల నుంచి వచ్చినవాళ్ళు ఎందుకంత తక్కువ అని అడిగితే మామూలుగా వచ్చే జవాబిది. మా పాలమూరు వాళ్ళకి ఈ జవాబు కొత్తేం కాదు.

నిజాం జమానాలో ఒక పండితుడు తెలంగాణలో కవులే లేరని రాసేశాడు. విచిత్రం చూడండి, 'విద్వద్గద్వాల' అనిపించుకున్న గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ (ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా) కేంద్రంగా ఉన్న జటప్రోలు, ఈ సంస్థానాలన్నీ కవులను పోషించినవే! గద్వాల ప్రాంతంలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1926 నుంచి గోలకొండ పత్రిక నడుపుతున్నారు. ఆయన ఖండించి ఊరుకోలేదు. మీ వివరాలు, పద్యాలు పంపండని కవులను అడిగారు. 1934లో 'గోలకొండ కవుల సంచిక' వచ్చింది. లెక్క చూస్తే 354 మంది కవులు! వాళ్ళు అంతకుముందూ ఉన్నారు, అడిగిన నాథుడే లేడు.

పోస్ట్‌డాక్ అవకాశాలు చాలాచోట్ల ప్రొఫెసర్ల పరిచయాల మీదే దొరుకుతాయి. మన కంపెనీల్లో రెఫరల్ లాంటిదన్నమాట. రెఫరల్స్‌తోనే టీమ్ నింపితే ఏమవుతుందో మనకి తెలీదా? అందరూ ఒకే కాలేజీ వాళ్ళే. 2008లో పెట్టిన పాలమూరు యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసిన అమ్మాయి పేరు ఏ ఐఐటీ ప్రొఫెసర్ చెవిన పడుతుంది? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1984లోనే మహిళలని, మైనారిటీలని అధ్యాపకులుగా తేవడం కోసం ప్రత్యేకంగా పోస్ట్‌డాక్ ఫెలోషిప్ మొదలుపెట్టింది. అంటే, తనే వెతకడం మొదలుపెట్టింది.

వెతకడం సగం పనే. వచ్చినవాళ్ళు నిలబడాలి కదా! హైదరాబాదులో 1918లో రెడ్డి హాస్టల్ వెలిసింది అందుకే. ఊరి నుంచి వచ్చిన పిల్లాడికి సీటొక్కటే చాలదు, తిండి, పడక కూడా కావాలి. సురవరం గారు ఆ హాస్టల్ బాధ్యతలూ చూశారు. మరి వెనక ఏ రాజా, ఏ దేశ్‌ముఖూ లేని కులాల పిల్లల సంగతో? వాళ్ళకి ఆ అండ యూనివర్సిటీయే ఇవ్వాలి. ఫెలోషిప్ నెలనెలా చేతికందాలి, ఉండడానికి చోటు దొరకాలి, దారి చూపే గురువుండాలి.

కాబట్టి ఇకమీదట ఎవరైనా "దొరకలేదు" అంటే ఒక్కటే అడగండి: ఎక్కడ వెతికారు సార్?