తరంగంబాడి తీరం - ఒక పాఠం

దక్షిణాంధ్ర యుగం పాఠం చెప్పేటప్పుడు తంజావూరు రఘునాథ నాయకుణ్ణి కవిగా, కవిపోషకుడిగా కీర్తించి ఊరుకుంటాం. ఆయనే 1620లో తమిళ తీరాన ఉన్న తరంగంబాడిని డేనిష్ వర్తకులకు ఇచ్చాడన్న సంగతి నగరిలో నా విద్యార్థులకు నేనూ చాలాకాలం చెప్పలేదు. మిరియాల వ్యాపారం కోసం వారక్కడ డాన్స్‌బోర్గ్ కోట కట్టారు. 1845లో ఆ ఊరిని, బెంగాలులోని శ్రీరాంపూరుతో కలిపి, 12.5 లక్షల రూపాయలకు ఇంగ్లీషు కంపెనీకి అమ్మారు. ఇచ్చినవాడొక రాజు, అమ్మినవాడు మరొక రాజు. వలలు లాగేవారి మాట ఎవరికీ పట్టలేదు.

అక్కడ సముద్రపు టొడ్డున ఉన్న దొరల కాలపు కలెక్టరు బంగళాను ఈ శతాబ్దంలో నీమ్రానా సంస్థ విలాసవంతమైన హోటలుగా మార్చింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఒక్క నాగపట్టణం జిల్లాలోనే 6,000 మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడు ప్రభుత్వం, 200 మీటర్ల లోపు ఇల్లు వదులుకుంటేనే వెనుక కొత్త ఇల్లు కట్టిస్తానంది. జాలరికి అపాయమన్న అలలే అతిథికి అందమైన దృశ్యం!

పాత బంగళాను కాపాడటం తప్పని నేననను. కాపాడవలసిన చరిత్రలో జాలరి గుడిసెకు చోటెందుకు లేదన్నదే నా ప్రశ్న. ఆస్థాన కావ్యాలు బోధించే మనం, ఆ ఆస్థానం ఎవరి తీరాన్ని ఎవరికి ధారపోసిందో కూడా చెప్పి తీరాలి.