లంబాడీల చరిత్ర – మ్యూజియం సమస్య

2024 అక్టోబరు 5న మహారాష్ట్రలోని వాశిం జిల్లా పోహ్రాదేవిలో బంజారా విరాసత్ మ్యూజియంను ప్రధానమంత్రి ప్రారంభించారు. సేవాలాల్ సమాధి ఉన్న చోటు గనక అది దేశంలోని నలుమూలల బంజారాలకూ యాత్రాస్థలం. మరుసటి నెలలోనే ఆ రాష్ట్రంలో శాసనసభ ఎన్నికలు జరిగాయన్న సంగతిని కూడా తేదీ పక్కనే రాసుకోవడం మంచిది. అంతకు రెండేళ్లు ముందు, 2022 సెప్టెంబరు 17న, హైదరాబాదులో సేవాలాల్ పేరిట బంజారా భవన్ తెరిచారు. అది ఉన్నది బంజారా హిల్స్‌లో. ఆ కొండలకు బంజారాల పేరు మిగిలింది, ఇళ్లు మాత్రం ఇతరులవి. అక్కడ ఇన్నాళ్లకు వాళ్లకొక భవనం దక్కింది.

ఈ కట్టడాలు అనవసరమని ఎవరూ అనరు. చెదిరిపోయిన జాతి తన వస్తువులను ఒకచోట చేర్చుకోవాలనుకోవడం సహజం. రాజస్థాన్ నుంచి దక్కను దాకా పరుచుకున్న ఈ ప్రజలకు సొంత లిపి లేదు. వాళ్ల గోర్ బోలి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో లేదు. 2011 జనగణన ప్రకారం ఇప్పటి తెలంగాణలో వాళ్లు ఇరవై లక్షలు దాటారు. ఇంతమంది చరిత్రకు ఒక ఇల్లు కావలసిందే. అయితే ఆ ఇంట్లో ఏం పెట్టాలి? అసలు చర్చ అక్కడుంది.

లంబాడీల వారసత్వమనగానే చాలామందికి తోచేది దుస్తులే. అద్దాలు కుట్టిన కాంచళి, ఫేటియా, తలమీంచి జారే టూక్రి, జుట్టుకు వేలాడే ఘుగ్రి, మోచేతి పైదాకా గాజులు. వీటిని అద్దాల పెట్టెలో పెట్టి దీపం వేస్తే కంటికి ఇంపుగానే ఉంటుంది. కాని ఆ దుస్తులు తొడిగిన మనిషి ఏ పని చేసి బతికింది, ఆ పని ఎలా పోయింది, ఇవాళ ఏ పనికి ఎక్కడికి పోతున్నది అన్న ప్రశ్నలకు ఆ పెట్టె జవాబు చెప్పదు. ఆ జవాబుల్లో ముఖ్యమైన భాగం వికారాబాద్, తాండూరుల మీదుగా పోయే రైలుపట్టాల పక్కనే దొరుకుతుంది. అందుకే ఈ చర్చకు ఈ ప్రాంతం తగినది.

తాండా అంటే ఇప్పుడు ఊరు. మొదట్లో అది ఊరు కాదు, బిడారు. వేలాది ఎద్దుల మీద కంట్లాలు వేసుకొని, పిల్లాజెల్లాతో, కుక్కలతో, గుడారాలతో కదిలే జనసమూహమది. ఇంగ్లీషు యాత్రికుడు పీటర్ మండీ 1632లో దారిలో ఎదురైన ఒక తాండాలో ధాన్యం మోస్తున్న ఎద్దులు 14,000 ఉన్నాయని రాశాడు. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే పదీ పన్నెండు వేల ఎద్దుల బిడార్లను వర్ణించాడు. రోడ్లు లేని దేశంలో, బండి నడవని కనుమల్లో, తీరపు ఉప్పును మెట్టకూ మెట్ట ధాన్యాన్ని పట్టణాలకూ చేర్చినవాళ్లు వీళ్లే. ఎద్దులు దారిపొడవునా బీళ్లలో మేసేవి గనక మేత ఖర్చు లేదు. కూలి అంటే కుటుంబమే గనక జీతాల ఖర్చూ లేదు. ఎంత పెద్ద వర్తకుడైనా ఇంత చవకగా సరుకు రవాణా చేయలేకపోయేవాడు. ఈ లెక్క అర్థమైతే తాండా ఎందుకు తిరిగిందో అర్థమౌతుంది. లంబాడీలు స్వభావరీత్యా సంచారులనీ, నిలకడ లేనివాళ్లనీ వర్ణించడం మన పుస్తకాల్లో కూడా కనిపిస్తుంది. వాళ్ల సంచారానికి మూలం స్వభావంలో లేదు, సరుకుల కదలికలో ఉంది.

సైన్యాలూ ఈ ఎద్దుల మీదే ఆధారపడ్డాయి. మొగలులు, నిజాములు, మరాఠాలు అందరూ వాళ్లచేత ధాన్యం మోయించుకున్నారు. 1791లో టిప్పు మీదికి పోయిన కార్న్‌వాలిస్ సేనకూ, 1803లో మరాఠాల మీద యుద్ధం చేసిన ఆర్థర్ వెల్లెస్లీ సేనకూ గింజలు అందించినవి బంజారాల బిడార్లే. దక్కనులో ఇంగ్లీషువాడి గెలుపుకు ఫిరంగి ఎంత కారణమో ఈ ఎద్దూ అంత కారణం.

తర్వాత ఏం జరిగిందో చూడండి. 1818 నాటికి మరాఠా యుద్ధాలు ముగిశాయి, సైన్యాలకు బిడార్ల అవసరం తగ్గింది. బండ్ల బాటలు పడ్డాయి. 1874లో వాడి నుంచి సికిందరాబాదుకు నిజాం రైలు వచ్చింది. బొంబాయి నుంచి వచ్చే పెద్ద లైనును హైదరాబాదుతో కలిపిన ఆ పట్టాలు తాండూరు, వికారాబాదు మీదుగానే పడ్డాయి. కొన్ని వేల ఎద్దులు రోజుల తరబడి మోసే బరువును ఒక సరుకుల రైలు ఒక రాత్రిలో మోసుకుపోయింది. ఒక్క ఏడాదిలో అంతా కూలిందనడం అతిశయోక్తి. పట్టాలకు దూరంగా ఉన్న సంతలకు బిడార్లు మరి కొన్నాళ్లు నడిచాయి. కాని వృత్తికి ఆయువు తీరింది. వృత్తి పోయిన బిడారు ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు. అయితే ఎక్కడ ఆగాలి? మంచి నేల అప్పటికే దేశ్‌ముఖుల, పటేళ్ల, రైతుల చేతిలో ఉంది. మిగిలినవి గుట్టల ఏటవాళ్లు, అడవి అంచులు, రాతినేలలు. అనంతగిరి చుట్టూ, తాండూరు, కొడంగల్ వైపూ తాండాలు ఊళ్లకు ఎడంగా ఎందుకున్నాయో దీనిలోనే తెలుస్తుంది. అడవి చట్టాలు వచ్చి ఆ అంచుల్లో మేపుకోవడాన్నీ నేరం చేశాయి.

మనిషినే నేరస్థుణ్ణి చేసిన చట్టమూ వచ్చింది. నేరస్థ జాతుల చట్టాన్ని బ్రిటిష్ ప్రభుత్వం 1871లో ఉత్తరాదిన మొదలుపెట్టి 1911లో మద్రాసు దాకా విస్తరించింది. నైజాం చట్టమూ లంబాడీలను వదిలిపెట్టలేదు. ఏ ఎద్దుల గింజలు తిని కంపెనీ సైన్యం గెలిచిందో ఆ ఎద్దుల యజమానుల మనవలు పోలీసు పట్టీలోకి ఎక్కారు. బ్రిటిష్ చట్టం 1952లో రద్దయింది. పట్టీలో పేరు కొట్టివేసినంత సులభంగా ఊరివాళ్ల నోట మాట పోలేదు.

లంబాడీలు వీటన్నిటినీ తలవంచి భరించారనుకోవడం సరికాదు. తెలంగాణా సాయుధ పోరాటంలో ధర్మాపురం లంబాడీలు తమ భూమి కోసం విసునూరు దేశ్‌ముఖును ఎదిరించారు. ఆ పోరాటం ఏ మ్యూజియంలోనైనా నగల పెట్టె కన్నా ముందుండాలి.

ఇక ఇవాళ్టి విషయం. లంబాడీలను తెలంగాణా ప్రాంతంలో షెడ్యూల్డు తెగగా గుర్తించడానికి దారితీసినది 1976 చట్టం. తాండూరు దాటి సరిహద్దు అవతల, కర్ణాటకలోని సేడం వైపు, అదే భాష మాట్లాడే అదే గోత్రం మనిషి షెడ్యూల్డు కులం. ఇంకా పైకి, మహారాష్ట్రలోని షోలాపూరుకు పోతే విముక్త జాతి. ఒకే రైలుదారిలో మూడు రాష్ట్రాలు, మూడు పట్టీలు. అన్నదమ్ముల పిల్లలు మూడు రకాల సర్టిఫికెట్లు పట్టుకొని మూడు కార్యాలయాల ముందు నిలబడతారు. చెదిరిన జాతి అంటే ఏమిటో చెప్పడానికి ఆ మూడు కాగితాలను ఒకే చట్రంలో బిగించి గోడకు తగిలిస్తే చాలు.

ఈ పట్టీల మూలంగానే గోండులు, కోయలు మొదలైన ఆదివాసులతో తగాదా వచ్చింది. కొమురం భీం స్మృతికి జోడేఘాట్‌లో కట్టిన మ్యూజియంలో లంబాడీ స్త్రీ బొమ్మ ఉంచడం మీద 2017లో వివాదం రేగింది. దీన్ని కొందరు మూర్ఖత్వమని కొట్టిపారేస్తారు. అది తప్పు. ఉన్న కొద్దిపాటి సీట్లకూ ఉద్యోగాలకూ ఇద్దరు పేదలను పోటీకి దింపిన ఏర్పాటు మీద రావలసిన కోపం బొమ్మ మీదికి మళ్లింది. ఆదివాసుల భయానికి ఆధారం లేకపోలేదు, లంబాడీల దారిద్ర్యమూ అబద్ధం కాదు. రేపు కట్టే మ్యూజియం ఈ తగాదాను దాచిపెడితే, అది ఒక వర్గం ప్రచారశాలగా మిగులుతుంది.

దాచడానికి వీల్లేనిది మరొకటుంది. 1999లోనూ 2001లోనూ దత్తతల పేరిట శిశువుల అమ్మకాలు బయటపడ్డప్పుడు ఆ శిశువుల్లో తెలంగాణా తాండాల ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. కట్నం భయం, కరువు, దళారి చేతిలోని కొద్దిపాటి డబ్బు కలిసి ఆ పని చేయించాయి. అలా విదేశాలకు పోయినవాళ్లు ఇవాళ పెద్దవాళ్లై ఉంటారు. వాళ్లకు గోర్ బోలి రాదు, తాండా పేరు తెలియదు. ప్రవాసుల వారసత్వం గురించి ఉపన్యసించేవాళ్ల లెక్కలోకి వాళ్లు రారు.

బొంబాయికీ పూనాకూ పోయేవాళ్లూ ఆ లెక్కలో కనబడరు. కొడంగల్, తాండూరు వైపు తాండాల నుంచి గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని కట్టడపు పనికి పోవడం తరాలుగా సాగుతున్నది. తాతల ఎద్దుల బతుకును మింగిన రైలే మనవలను కూలికి మోసుకుపోతున్నది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పప్పుకు ఊరిపేరు నిలిచింది, సంతోషం. పొలం పని చాలక ఊరు విడిచినవాడికి బొంబాయిలో ఊరిపేరు లేదు, మేస్త్రీ పేరే ఉంది.

కనక మ్యూజియం నగరంలో కాకుండా ఈ పట్టాలకు దగ్గరగా, ఒక తాండాలో ఉండాలి. 2018 నుంచి తాండాలు గ్రామ పంచాయతీలయ్యాయి గనక దాని పెత్తనం తాండా పంచాయతీల చేతిలో ఉంచడానికి అడ్డు లేదు. అందులో కాంచళి ఉండనివ్వండి, తీజ్ పండుగకు ఆడపిల్లలు గోధుమ మొలకలు పెంచే బుట్టా ఉండనివ్వండి. వాటి పక్కనే కంట్లం ఉండాలి, ఉప్పు బాటల పటం ఉండాలి, నేరస్థ జాతుల పట్టీ ఉండాలి, మేస్త్రీ అడ్వాన్సు రాసుకున్న చిట్టా ఉండాలి. కుట్టుపనిని చూపేచోట ఆ కుట్టు ఎన్ని రోజులు పడుతుందో, బజారులో దానికెంత ఇస్తారో రాసి ఉండాలి.

భవనానికి నిధులు వచ్చేదాకా ఆగనక్కరలేదు. తాండాల నుంచి మన తరగతులకు వచ్చే పిల్లలు ఇంట్లో గోర్ బోలి మాట్లాడి, పరీక్షలో తెలుగు రాసి, పెళ్లి పాటలు అర్థం కావడం లేదని సిగ్గుపడుతూ చెబుతారు. వాళ్ల నాయనమ్మలకు ఆ పాటలు వచ్చు. వంశావళులు పాడే ధాడీలు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. అందరి చేతిలో ఫోనుంది. వేసవి సెలవుల్లో ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క ముసలమ్మ దగ్గర కూర్చొని, పాటతోపాటు ఆమె ఏ ఏడు ఏ పనికి ఎక్కడికి పోయిందో, కూలి ఎంత ఇచ్చారో కూడా అడిగి రికార్డు చేయాలి. ఈ పనికి కావలసిన ప్రశ్నల జాబితాను తెలుగు శాఖ, చరిత్ర శాఖ కలిసి ఒక సాయంకాలంలో తయారుచేయవచ్చు.