టీకాలు – మనము మఱచిన ఋణము



పసిబిడ్డ నోట పోలియో చుక్కలు వేయించుట, పుట్టిన దినముననే కామెర్లకు టీకా వేయించుట నేడు మన పల్లెలలో అందఱెఱిగిన ఆచారములే. ఇట్టి మందులు మొదట ఎవరి దేహములపై పరీక్షింపబడినవో ఎఱిగినవారు మాత్రము అరుదు. ఆ చరిత్రమును మనవి చేసెదను. ఇది సముద్రమున కావల జరిగిన కథయే యైనను, దాని ఫలమును మన యిండ్లలో అనుభవించుచున్నాము.

1950వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున, అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమందు లెచ్‌వర్త్ విలేజ్ అను శరణాలయములో, హిలరీ కొప్రౌస్కీ యను శాస్త్రజ్ఞుడు తాను సిద్ధము చేసిన పోలియో టీకాను ఒక బాలునిచేత త్రాగించెను. తరువాత మఱికొందఱికిచ్చి, మొత్తము 20 మందిపై పరీక్షించెను. 1952లో జోనాస్ సాల్క్ తన సూదిమందును పెన్సిల్వేనియాలోని పోక్ పాఠశాలలో పరీక్షించెను. ఈ రెండు తావులును బుద్ధిమాంద్యము గల పిల్లల నుంచు చోటులే. మన పల్లెలలో వేయు చుక్కలు ఆల్బర్టు సాబిన్ అనంతర కాలమున రూపొందించినవి. అయినను సజీవమైన పోలియో టీకాను నోటి ద్వారా పిల్లలకీయవచ్చునని మొదట తెలిసినది ఆ శరణాలయపు బిడ్డలవలననే.

రెండవ కథ మిక్కిలి బాధాకరమైనది. న్యూయార్కు నగరమునకు చేరిన స్టాటెన్ దీవిలో విల్లోబ్రూక్ అను ప్రభుత్వ శరణాలయ ముండెడిది. 4,000 మందికి కట్టిన చోట, 1965 నాటికి 6,000 మంది క్రిక్కిఱిసి యుండిరి. అపరిశుభ్రతవలన కామెర్లు అచట పాతుకొనిపోయెను. 1956 మొదలు సాల్ క్రుగ్మన్ అను వైద్యుడు, క్రొత్తగా వచ్చిన పిల్లలలో కొందఱికి ఆ వ్యాధిని తెలిసి తెలిసి అంటించి పరిశీలించెను. ఎట్లును రాగల జబ్బే గదా, మేలైన సంరక్షణలో నుండగా వచ్చుట మంచిదని ఆయన వాదము. తల్లిదండ్రులచేత వ్రాళ్లు చేయించుకొనిరి. కాని 1964లో స్థలము చాలక శరణాలయపు ద్వారములు మూసినపుడు, ఆ పరిశోధన విభాగపు ద్వారము మాత్రము తెఱచియుండెను. వేఱు దారి లేని తల్లి చేసిన వ్రాలు సమ్మతి యనిపించుకొనునా? 1966లో హెన్రీ బీచర్ అను వైద్యుడు, ధర్మవిరుద్ధములైన పరిశోధనల వరుసలో దీనిని చేర్చి వైద్యపత్రికలో ప్రకటించెను. శరణాలయము 1987లో మూతపడెను.

ఆ పిల్లలను పరీక్షించుటవలననే, ఈ కామెర్లు రెండు తెఱగులని 1967లో స్పష్టమైనది. రోగి రక్తమునుండి తీసిన ద్రవమును నీటితో పలుచన చేసి, 98 డిగ్రీల వేడిలో ఒక నిమిషముంచి సూది వేసినచో, రెండవ తెఱగు వ్యాధి చాలవఱకు రాదని 1971లో తేలినది. 1981లో అమెరికాలో హెపటైటిస్ బీ టీకాకు అనుమతి లభించెను. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ వారు క్రొత్త పద్ధతిలో అట్టి టీకాను మన దేశముననే తయారుచేసిరి. 2011లో అది దేశమంతట ప్రభుత్వపు టీకాల పట్టికలో చేరినది.

ఇది చరిత్రము. ఇక మన కర్తవ్యము. నేను పాఠములు చెప్పిన దినములలో, టీకాలవారు బడికి వచ్చిరనిన పిల్లలను వరుసగా నిలిపెడివారము. బడికి రాని పిల్లవాడు ఆ వరుసలో నుండెడివాడు కాడు. 10వ యేట, 16వ యేట వేయవలసిన ధనుర్వాతపు టీకాను నేటికిని పెక్కు చోట్ల బడిలోనే వేయుదురు. బుద్ధిమాంద్యము గల బాలుడు ఇంటనే యుండిపోయినచో అది వానికందదు. “వీనికెందుకులే” యను మాటయు ఇండ్లలో వినబడును. బుద్ధిమాంద్యము టీకాకు అడ్డు కాదు. మూర్ఛలు వచ్చుచున్నచో వైద్యునడిగి వేయింపవలెను. పైగా, డౌన్ లక్షణములతో పుట్టినవారికి హెపటైటిస్ బీ సోకినచో, అది దేహమున నిలిచిపోవుట యితరులకంటె అధికమని వైద్యులు కనుగొనిరి.

గ్రామపెద్దలారా, టీకాల దినమునకు ముందే ఆశా కార్యకర్తను పిలిచి, మీ యూర బడికి రాని పిల్లల పేర్లు చెప్పుడు. జనమును చూచి బెదరు బిడ్డకు ఇంటికే వచ్చి సూది వేయుమని నర్సమ్మను కోరుడు. లోకమున పిల్లలందఱికంటె ముందుగా ఈ మందులు పుచ్చుకొన్నవారు అట్టి బిడ్డలే. వారి సమ్మతి నెవరును అడుగలేదు. వారి వంతు టీకా వారికి ముట్టజెప్పుట మనము తీర్పవలసిన ఋణము.

సెలవు.