కొయ్యకాలినుండి కృత్రిమపాదమువరకు

తెగిన కాలికి మారుగా వేరొక కాలు అమర్చవలెనను కోరిక మానవునకు నేటిది కాదు. ఋగ్వేదము ప్రథమమండలమున విశ్పల వృత్తాంతము కలదు. ఖేలుని యుద్ధమున ఆమె కాలు తెగిపోగా, దేవవైద్యులగు అశ్వినులు లోహపు కాలు అమర్చి మరల నడిపించిరట. 16వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే మోకాలివద్ద మడిగెడి కృత్రిమ కాలిని రూపొందించెను. పిమ్మట యుద్ధములతోపాటు ఈ విద్యయు పెరిగెను.

అయితే పాశ్చాత్యుల పాదము బూటు తొడుగువారికొరకు పుట్టినది. మన రైతు వట్టికాళ్లతో మడిలో దిగును. నేలపై బాసింపట్టు వేసికొని భుజించును. మన భక్తుడు చెప్పులు విడిచి అలిపిరి మెట్లెక్కును. ఆ పాదము వీరికి ఒదుగలేదు. 1968 ప్రాంతమున జయపురమునందు శిల్పి రామచంద్రశర్మయు, డాక్టరు సేఠీయు కలసి రబ్బరుతోను, కొయ్యతోను తక్కువ వెలకు ‘జైపూరు పాదము’ను తయారుచేసిరి. దానికి బూటు అక్కరలేదు, చీలమండవద్ద వంగును. 1981లో ప్రమాదమువలన కాలు కోల్పోయిన నర్తకి సుధాచంద్రన్ ఆ పాదముతోనే 1984లో మరల నాట్యమాడెను. ఆమె కథయే 1985లో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వమున ‘మయూరి’ అను తెలుగు చిత్రమైనది.

పాదము ఒదిగిన చాలదు, బరువును తగ్గవలెను. 1990 దశకమున హైదరాబాదునందు అబ్దుల్ కలాం బృందమువారు, క్షిపణులకు వాడు తేలికపదార్థముతో నిమ్స్ ఆసుపత్రి పిల్లలకు కాలిపర్లు చేయించిరి. కాలిపరు కృత్రిమ కాలు కాదు, బలహీనమైన కాలికి ఊత. అయినను మూడు కిలోలకు పైబడిన భారము 300 గ్రాములకు దిగినది.

నేడు నడకనుబట్టి బిగువును తానే సవరించుకొను మోకాళ్లును, కండరముల విద్యుత్సంకేతములచే వ్రేళ్లు ముడుచు చేతులును వచ్చినవి. వాని వెల లక్షలలో నున్నది. లెక్కలు వ్రాయుట వృత్తిగాగల నాకు తోచినదేమనగా, కృత్రిమ కాలు ఒక్కసారి వ్రాసి మూయు పద్దు కాదు. బిడ్డ ఎదుగును; తెగిన కాలి మొదలు సన్నగిల్లును; రబ్బరు అరుగును. మరల మరల అమర్చవలసినదే. కనుక రేపటి ప్రగతిని యంత్రపు నేర్పుతో మాత్రమేగాక, మరమ్మతు మన ఊరికెంత దగ్గరనున్నదో చూచి కొలువవలెను.

మన తిరుపతియందు దేవస్థానమువారి బర్డ్ ఆసుపత్రి కృత్రిమావయవములను అమర్చుచున్నది. కాలు పోయినవాడు కర్మమని మూల కూర్చుండిన యెడల, ఈ సంగతి అతని చెవిని వేయుట చదువరులమైన మన విధి. గ్రంథాలయము ఇరువదియైదేండ్లు మనకు నేర్పిన చదువునకు అదియే సార్థక్యము.