ఇంటర్వ్యూలో మనం అడగాల్సిన ప్రశ్నలు

"మమ్మల్ని ఏమైనా అడగాలనుకుంటున్నారా?" అమెరికాలో దాదాపు ప్రతి ఇంటర్వ్యూ చివర్లోనూ ఈ మాట వస్తుంది. మన కాలేజీల్లో వైవాకి అలవాటు పడినవాళ్లం కదా, వాళ్లు అడగాలి, మనం చెప్పాలి అంతే అనుకుంటాం. "ఏమీ లేవండీ, థాంక్యూ" అని లేచి వచ్చేస్తాం. ఇక్కడ దాన్ని వినయంగా తీసుకోరు, ఈ ఉద్యోగం మీద పెద్దగా ఆసక్తి లేదేమో అనుకుంటారు.

హెచ్-4 వీసా మీద ఉన్న కొందరికి 2015 మే 26 నుంచి ఈఏడీ కార్డులు ఇస్తున్నారు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీయో మైక్రోబయాలజీయో చదివి, పిల్లలు బడికి వెళ్లాక న్యూజెర్సీ ఫార్మా ల్యాబుల్లో ప్రయత్నించే మనవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లను దృష్టిలో పెట్టుకునే ఇది రాస్తున్నాను.

క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్ మేనేజర్‌ని పని గురించే అడగండి. రోజులో ఎక్కువ సమయం హెచ్‌పీఎల్‌సీ మీద ఉంటుందా, డాక్యుమెంటేషన్ మీదా? కొత్తవాళ్లు సొంతంగా శాంపిల్స్ చేయడానికి ముందు శిక్షణ ఎన్ని వారాలు? రెండో షిఫ్టు, శనివారాలు ఉంటాయా? పిల్లల్ని తీసుకురావాల్సినవాళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, కానీ కారణం చెప్పక్కర్లేదు, షిఫ్టు వేళలు అడిగితే చాలు. ఈ పోస్టు ఎందుకు ఖాళీ అయిందో కూడా అడగవచ్చు. ఏడాదిలో ముగ్గురు మానేశారంటే ఆ ల్యాబ్ సంగతి మీకే అర్థమవుతుంది. కంపెనీ ఏం తయారు చేస్తుంది అని మాత్రం అడగకండి, అది వెబ్‌సైట్‌లోనే ఉంటుంది.

ఈ ఉద్యోగాలు చాలావరకు స్టాఫింగ్ ఏజెన్సీల ద్వారానే వస్తాయి. రిక్రూటర్‌ని అడగాల్సినవి వేరు. డబ్ల్యూ-2నా, 1099నా? 1099లో గంటకు ఇచ్చేది ఎక్కువగా కనిపిస్తుంది గానీ, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద మొత్తం 15.3 శాతం మనమే కట్టుకోవాలి. డబ్ల్యూ-2 అయితే అందులో సగం కంపెనీ భరిస్తుంది. కాంట్రాక్టు ఎన్ని నెలలు, ఇంతకుముందు వచ్చినవాళ్లలో ఎంతమందిని పర్మనెంట్ చేశారు, సెలవులకు జీతం ఉందా అన్నవి కూడా తేల్చుకోండి.

జీతం అడగడానికి మొహమాటం అక్కర్లేదు. న్యూజెర్సీలో పది మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలు 2025 జూన్ 1 నుంచి ప్రకటనలోనే జీతం పరిధి ఇవ్వాలి. మన పాత జీతం అడగకూడదని 2020 నుంచే అక్కడ చట్టం ఉంది. పదేళ్ల కిందట హైదరాబాదులో రూపాయల్లో తీసుకున్నదానికీ ఇప్పటి జీతానికీ పొంతన ఏముంటుంది!

ఇక ఈఏడీ. 2025 అక్టోబర్ 30 నుంచి పెట్టిన రెన్యువల్ దరఖాస్తులకు మునుపటిలా ఆటోమేటిక్ పొడిగింపు లేదు. కార్డు గడువు తీరేలోగా కొత్తది రాకపోతే పని ఆపాల్సిందే. గడువుకు 180 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, అయినా ఆలస్యం కావచ్చు. అలాంటప్పుడు జీతం లేని సెలవు ఇస్తారా, ఉద్యోగమే తీసేస్తారా? ఈ ప్రశ్న మొదటి రౌండ్‌లో వద్దు. ఆఫర్ చేతికొచ్చాక, సంతకం పెట్టకముందు హెచ్‌ఆర్‌ని ఈమెయిల్‌లో అడగండి, జవాబు రాతపూర్వకంగా ఉంటుంది. పని చేసే అనుమతి ఉందా అని వాళ్లు ముందే అడిగితే, ఉంది అని చెబితే సరిపోతుంది. ఐ-9 ఫారానికి ఏ పత్రం చూపించాలో, అనుమతించిన జాబితాలోంచి ఎంచుకునేది మనమే.

ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. నాలుగైదు చాలు. తర్వాతి రౌండ్ ఏమిటి, ఎప్పటికి చెబుతారు అన్నది చివరికి ఉంచుకోండి. వాళ్లు చెప్పిన తేదీ దాటి రెండు రోజులైతే ఒక చిన్న ఈమెయిల్ పెట్టవచ్చు.