నల్ల చేతుల ఫిడేలు

అమెరికా దక్షిణాది జానపద సంగీతం అనగానే కొండ పల్లెలో ఫిడేలు పట్టుకున్న తెల్ల రైతు గుర్తొస్తాడు. ఈ బొమ్మ అంత పాతదేం కాదు. 1920లలో గ్రామఫోన్ కంపెనీలు దీన్ని ఖాయం చేశాయి. అంతకుముందు దాదాపు రెండు వందల ఏళ్లు, దక్షిణాదిలో డాన్సులకు ఫిడేలు వాయించినవాళ్లలో నల్ల బానిసలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ తమ పేరును నల్లజాతి పోరాటం నుంచే తీసుకున్నారు. కనుక ఈ చరిత్ర మనకు పరాయిది కాదు.

1739లో దక్షిణ కరోలినాలోని స్టోనో దగ్గర బానిసలు డ్రమ్ములు మోగిస్తూ తిరగబడ్డారు. 1740 చట్టం వాళ్లకు డ్రమ్ములు, కొమ్ములు నిషేధించింది. ఫిడేలు జోలికి పోలేదు. దొరల విందులకు అది కావాలి గదా! కమాను వాద్యం ఆఫ్రికా జనానికి కొత్త కూడా కాదు. సొరబుర్రకు తోలు బిగించి, కమానుతో వాయించే 'గోగే' హౌసా జనానికి ఉంది.

18వ శతాబ్దపు వర్జీనియా పత్రికల్లో, పారిపోయిన బానిసల కోసం యజమానులు వేసిన ప్రకటనలు చూడండి. ఒడ్డూ పొడుగూ, ఒంటిమీది మచ్చలతో పాటు ఫిడేలు వాయిస్తాడని కూడా రాశారు. నేర్చిన విద్యే మనిషిని పట్టిచ్చే ఆనవాలైంది.

సోలమన్ నార్తప్ న్యూయార్క్ రాష్ట్రంలో స్వేచ్ఛగా పుట్టిన నల్లవాడు. సర్కస్‌లో ఫిడేలు వాయిస్తే డబ్బులిస్తామని ఆశపెట్టి, 1841లో వాషింగ్టన్ తీసుకుపోయి బానిసగా అమ్మేశారు. 1853లో విడుదలై, అదే ఏడు తన కథను పుస్తకంగా తెచ్చాడు. లూసియానాలో అతని యజమాని ఎప్స్, పత్తి చేలో ఒళ్లు హూనమైన జనాన్ని రాత్రిపూట కొరడా పట్టుకుని ఆడించేవాడు. నార్తప్ వాయించాలి. ఇతర దొరల విందులకు పంపితే కిరాయి ఎప్స్ తీసుకునేవాడు. క్రిస్మస్ సెలవుల్లో బానిసలు తమకోసం తాము ఆడుకున్నప్పుడూ అదే ఫిడేలు మోగింది. వెట్టీ అదే, ఊరటా అదే. ఇందులో ఒక్కటే చెబితే చరిత్ర కుంటిదవుతుంది.

మరి ఈ చేతుల్ని చెరిపిందెవరు? 1923లో అట్లాంటాలో ఓకే కంపెనీ ఫిడ్లిన్ జాన్ కార్సన్ అనే తెల్ల కళాకారుణ్ణి రికార్డు చేసింది. బాగా అమ్ముడైంది. కంపెనీలు సరుకును రంగును బట్టి విడగొట్టాయి: నల్లవాళ్లకు 'రేస్' రికార్డులు, తెల్లవాళ్లకు 'హిల్‌బిల్లీ' రికార్డులు. నల్లవాళ్లను ఎక్కువగా బ్లూస్ పాడమన్నారు. పాత డాన్సు వరసలు తెల్లవాళ్ల ఖాతాలో పడ్డాయి. మిసిసిపీ షీక్స్ లాంటి నల్ల బృందాలు తెల్లవాళ్ల డాన్సులకు వాయిస్తూనే ఉన్నా లెక్క మారలేదు. కార్ల కంపెనీ యజమాని హెన్రీ ఫోర్డ్ ఇంకో అడుగు ముందుకేశాడు. జాజ్ యూదుల కుట్ర అని తన పత్రికలో విషం కక్కించి, పాత ఫిడేలు డాన్సులే అసలైన అమెరికా సంస్కృతి అని డబ్బు పోసి ప్రచారం చేశాడు. ఆ 'అసలు'లో బానిసల చెమట కనపడదు.

అయినా వరస తెగలేదు. ఉత్తర కరోలినాలో జో థాంప్సన్ (1918-2012) తన తండ్రి నుంచి వచ్చిన ఫిడేలును నిలబెట్టాడు. 2005 నుంచి రియానన్ గిడెన్స్, డామ్ ఫ్లెమన్స్, జస్టిన్ రాబిన్సన్ ఆయన ఇంటికెళ్లి నేర్చుకున్నారు. వాళ్ల కరోలినా చాక్లెట్ డ్రాప్స్ బృందం 2011లో గ్రామీ అందుకుంది.

రికార్డులో లేనంత మాత్రాన చరిత్రలో లేనట్టు కాదు. ఎవరు రికార్డు చేశారు, ఎవరికి అమ్మడానికి చేశారు అని ముందు అడగాలి. మన ఊళ్లలో జానపదం సేకరించే మనమూ, వరస పక్కన వాయించినోళ్ల పేరు రాయాలి.